తెల్ల బిళ్ళ

ఆ రోజు తప్పు చూసింది నాన్న కళ్ళా, లేక తప్పు చెప్పింది యంత్రమా? పదకొండేళ్ళుగా ఆమె ఈ ఒక్క అనుమానాన్ని మోస్తూనే ఉంది. కూర తాలింపు వేస్తూ మోసింది, పిల్లలకి జడలల్లుతూ మోసింది, దేవుడి పటం ముందు చేతులు జోడించినప్పుడు కూడా దించలేదు. దేవుడు అన్నీ చూస్తాడంటారు. మరి ఏ వెలుతురులో చూస్తాడో అని ఒక్కోసారి అడగాలనిపించేది ఆమెకి. పగటి వెలుగులో కవలల్లా కనిపించిన రెండు గుడ్డలు ట్యూబులైటు కిందకి రాగానే ఒకదానికొకటి ఏమీ కాకుండా పోవడం రోజూ చూసేవాళ్ళకి ఇలాంటి ప్రశ్నలే వస్తాయి.

కిందటి వారం ఆమెను మిల్లు స్టోరు గదిలో, కొత్తది వచ్చాక తుక్కుకి వేయబోతున్న పాత కొలత యంత్రం ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉండగా వదిలి వచ్చాం. ఆ యంత్రం పెట్టె అడుగున, మాసి నల్లబడ్డ గుడ్డపేలికలో చుట్టిన తెల్ల బిళ్ళ దొరికింది. రెండు ముక్కలై ఉంది. బిళ్ళ వెనక చెక్కిన నంబరూ, యంత్రం మీది నంబరూ ఒకటే. అసలు బిళ్ళ ఇక్కడుంటే ఇన్నేళ్ళూ యంత్రానికి బిగించి ఉన్నదేమిటి? స్క్రూలు విప్పింది. బాత్రూం గోడకి వేసే టైలు ముక్క! అంచులు అరగదీసి, సైజు సరిపెట్టి, ఎవరో ఎంతో ఓపిగ్గా కూర్చారు.

ఆ బిళ్ళ సంగతి తెలియని వాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పాలి. అది గుడ్డకి రంగు వేసే మిల్లు. రంగు కుదిరిందో లేదో ఒకప్పుడు మాస్టరు కన్ను చెప్పేది. ఆ మాస్టరే ఆమె తండ్రి. తర్వాత యంత్రం వచ్చింది, దాని వెంట కంప్యూటర్లోకి సాఫ్ట్‌వేరు వచ్చింది. గుడ్డ రంగైనా, తెర మీద రంగైనా, అచ్చు సిరా రంగైనా, దేని లెక్క దానిదిగా ఉన్నవాటన్నిటినీ అది మూడంకెల్లోకి మార్చేస్తుంది: ఎంత వెలుగు, ఎరుపు వైపా ఆకుపచ్చ వైపా, పసుపు వైపా నీలం వైపా. ఆపైన రెండు రంగుల్ని పక్కపక్కన నిలబెట్టి తేడా ఇంత అని తేల్చేస్తుంది. తేడా ఒకటి లోపు ఉంటే మామూలు కంటికి దొరకదు. అంతా బాగానే ఉంది గానీ, రోజూ పొద్దున్నే పనిలోకి దిగే ముందు ఆ యంత్రం తన తెల్ల బిళ్ళని ఓసారి చూసుకుని, తెలుపంటే ఇదీ అని గుర్తు చేసుకోవాలి. ఆ తెలుపులోనే మోసం ఉంటే ఆ తర్వాత అది చూసే ప్రతి రంగులోనూ మోసం ఉంటుంది.

పదకొండేళ్ళ కింద ఓ కొత్త బేరగాడు నెమలికంఠం రంగు అడిగాడు. మిగతా అందరూ గుడ్డముక్క పంపేవారు. ఇతగాడు ముక్కతో పాటు దాని అంకెలు కూడా పంపాడు. మాస్టరు రంగు వేసి, ముక్క పక్కన పెట్టి చూసి, "కుదిరింది. ఇంక తొట్టి జోలికి పోకండి" అన్నాడు. యంత్రం మాత్రం ఆ అంకెలతో పోల్చి, లేతగా ఉంది, తేడా మూడున్నర అంది. మేనేజరు యంత్రం మాట విని ఇంకా రంగు పోయించాడు. సరుకంతా తిరిగొచ్చింది. ఆ మధ్యాహ్నమే మేనేజరు మాస్టరు కుడిచేతిని మరుగుతున్న మూడో నంబరు తొట్టిలో మోచేతి దాకా ముంచి పట్టుకున్నాడు. మిల్లంతా నిలబడి చూసింది. ఒక్క బాయిలరు మనిషి మాత్రం పరిగెత్తుకొచ్చి, తన భుజం మీది గళ్ళ తువ్వాలు చింపి ఆ చేతికి చుట్టాడు. రంగు ముక్కలు అతికించే షేడ్ రిజిస్టర్లో ఎర్ర సిరాతో 'మాస్టరు కంటిచూపు లోపం వల్ల సరుకు పాడు' అని రాసి, కింద మాస్టరు ఎడమ బొటనవేలి ముద్ర వేయించారు. కుడి బొటనవేలు అప్పటికి ముద్ర వేసే స్థితిలో లేదు.

ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని, అప్పుడే కంప్యూటరు చదువు ముగించిన కూతురు అన్న మాట ఇది: "యంత్రానికి కోపతాపాలుండవు కదా నాన్నా, అది తప్పెందుకు చెబుతుంది?" ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ తర్వాత అదే మిల్లులో, అదే యంత్రం దగ్గర ఆమె పనిలో చేరింది. అందరూ అంకెలమ్మ అని పిలవడం మొదలెట్టారు. కిందటేడు నాన్న పోయాడు. పోయే ముందు రెండు మాటలన్నాడు. "నా కళ్ళే తప్పు చూశాయంటావా అమ్మాయ్?" అన్నది మొదటిది. "ఆ బాయిలరాయన తువ్వాలు ఆయనకి ఇచ్చెయ్యి" అన్నది రెండోది. ఆమె అచ్చం అలాంటి గళ్ళ తువ్వాలే వెతికి కొంది. ఎన్నిసార్లు ఇవ్వబోయినా బాయిలరు బాబాయ్ "తర్వాత తీసుకుంటాలే తల్లీ" అని తప్పుకునేవాడు. అది ఇప్పటికీ ఆమె సంచిలోనే ఉంది.

ఇక ఈ వారం సంగతి.

మధ్యాహ్నం భోజనాల గంట అయ్యాక ఆమె మేనేజరు గది తలుపు దగ్గర నిలబడింది. ఆయన పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు.

"ఏంటి అంకెలమ్మా? తిన్నది అరగకముందే అంకెలా?"

"ఓసారి ల్యాబ్‌కి రండి సార్. పది నిమిషాలు చాలు."

"కంప్యూటరు గానీ పాడైందా? నువ్వు ముట్టుకుంటే పాడవదే. మీ నాన్న ముట్టుకుంటే చెప్పలేం!" తన జోకుకి తనే నవ్వుకుంటూ లేచాడు.

ల్యాబ్‌లో బల్ల మీద పాత షేడ్ రిజిస్టర్ తెరిచి ఉంది. ఆ పేజీ చూడగానే ఆయన నవ్వు సగంలో ఆగింది.

"ఇదెందుకు తీశావ్?"

"నిలబడే చూడండి సార్, ఎంతో సేపు పట్టదు." ఆమె రాత్రంతా ఈ మాటలు కూర్చుకుని వచ్చింది. "ఇది బేరగాడు పంపిన ముక్క. అతని అంకెలు ఇంకా కంప్యూటర్లోనే ఉన్నాయి. కొత్త యంత్రం కింద పెడుతున్నాను. తేడా రెండు పదోవంతులు. అంటే ఇన్నేళ్ళూ మూసిన పుస్తకంలో రంగు చెడలేదు. అవునా?"

"అయితే?"

"ఇది నాన్న అతికించిన ముక్క."

తొట్టిలోంచి గుడ్డ పైకి రాగానే, ఎవరూ ఇంకా నోరు తెరవకముందే, బొటనవేలంత ముక్క కత్తిరించి రిజిస్టర్లో అతికించాలన్నది మాస్టరు పెట్టిన నియమం. బాగుందన్నా బాగాలేదన్నా తర్వాతే. ఆ రోజు కూడా అలాగే అతికించాడు. మేనేజరు మళ్ళీ రంగు పోయించక మునుపటి ముక్క అది.

యంత్రం టిక్కుమంది. తెర మీద అంకె వెలిగింది.

"నాలుగు పదోవంతులు సార్. నాన్న కన్ను కుదిరిందంది. కుదిరింది."

"కొత్త యంత్రం. దానికేం తెలుసు పాత సంగతులు?"

"అదీ చూపిస్తాను." ఆమె బాత్రూం టైలు ముక్క తీసి యంత్రం కింద పెట్టింది. "పాత యంత్రంలో తెల్ల బిళ్ళ చోట ఉన్నది ఇది. కంటికి తెలుపే. కానీ అసలు బిళ్ళ కంటే బాగా మసక. ఇదే తెలుపని యంత్రానికి అబద్ధం చెబుతున్నాను. ఇప్పుడు నాన్న ముక్కే మళ్ళీ పెడుతున్నాను. ముక్క మారలేదు, చూసుకోండి."

టిక్కు. మూడున్నర. పక్కన చిన్న అక్షరాల్లో: లేత.

మేనేజరు తెర మీదకి వంగి ఆ అంకె మళ్ళీ చదువుకున్నాడు.

"మిగతా వాళ్ళవి ఎప్పుడూ తేడా రాలేదేం మరి?" అన్నాడు.

"వాళ్ళు ముక్కలు పంపేవారు సార్. వాళ్ళ ముక్కా మన ముక్కా రెండూ ఒకే దొంగ తక్కెడలో తూగేవి, తేడా బయటపడేది కాదు. ఈయన ఒక్కడే వేరే ఊళ్ళో, మంచి తక్కెడలో తూచిన అంకెలు పంపాడు."

"ఎవరు పెట్టారీ టైలు?"

"తెలీదు. అది తర్వాత వెతుక్కుంటాను. నాకు కావలసింది ఒక్కటే. ఈ ఎర్ర రాత మీ చేత్తో కొట్టేసి, మాస్టరు కన్ను సరిగ్గానే చూసిందని రాసి సంతకం పెట్టండి."

"నేను యంత్రం చెప్పింది విన్నానమ్మా! అందులో నా తప్పేముంది?"

"చెయ్యి ముంచింది కూడా యంత్రమేనా సార్?"

ఆయన మొహం ఒక్కసారిగా నల్లబడింది. రిజిస్టర్ లాక్కుని, దాని అట్ట అంచుతో ఆమె ముఖం మీద కొట్టాడు. ముక్కులోంచి రక్తం జలజలా కారింది. రెండు చుక్కలు బల్ల మీది అసలు తెల్ల బిళ్ళ ముక్క మీద పడ్డాయి. అంత నొప్పిలోనూ ఆమె చెయ్యి అలవాటు చొప్పున బిళ్ళ తుడవడానికే పోయింది. ఆ చేతిని ఆయన బల్లకేసి అణిచి, రెండో దెబ్బ వేళ్ళ మీద వేశాడు. ఆమె కేక పెట్టింది.

"చచ్చినోడికి సంతకం కావాలా? మీ నాన్నకి రంగెలా ఉంటుందో దగ్గరగా చూపించాను. నీకూ చూపిస్తాను, రా!"

జడ పట్టుకుని ఈడ్చాడు. ల్యాబ్ గడప ఆమె నడుముకి తగిలింది, ఇనప మెట్లు ఒక్కొక్కటీ మోకాళ్ళకి తగిలాయి. ఒక చెప్పు పై మెట్టు మీదే ఉండిపోయింది. కింద తొట్ల వరసలో ఆవిరి కమ్ముకుని ఉంది. తెడ్లు పట్టుకున్నవాళ్ళు, బండ్లు తోసేవాళ్ళు, గుడ్డలు మడిచే ఆడవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. పదకొండేళ్ళ కింద నిలబడినట్టే నిలబడ్డారు. ఆమె వాళ్ళ కళ్ళలోకి చూసింది. ఒక్కొక్కరూ చూపు దించుకున్నారు.

మూడో నంబరు తొట్టి. ఆయన కావాలనే అక్కడికి తెచ్చాడు. అందులో ముదురు ఎరుపు కుతకుతా ఉడుకుతోంది. మెడ వెనక చెయ్యి వేసి వంచుతుంటే ఆవిరి ఆమె చెంపని కాల్చింది, కనురెప్పలు అంటుకుపోయాయి. తొట్టి అంచుకి రెండు చేతులూ అడ్డం పెట్టింది. దెబ్బ తిన్న వేళ్ళలో బలం లేదు.

"చూడు! బాగా చూడు! ఏ అంకె కనిపిస్తోందో చెప్పు!"

"వదలరా దాన్ని!"

ఆ మిల్లులో మేనేజర్ని 'రా' అన్నవాడు అంతకు ముందు లేడు. బాయిలరు బాబాయ్ ఆవిరిలోంచి వచ్చాడు. వచ్చీ రావడంతోనే మేనేజరు నడుము పట్టి వెనక్కి గుంజాడు. అరవై దాటిన మనిషి, ఊపిరి పీలిస్తే ఈల వేసే ఛాతీ. మేనేజరు ఆమెను వదిలి, గోడకి ఆనించి ఉన్న వాల్వు తిప్పే ఇనప కడ్డీ అందుకున్నాడు.

"నువ్వెవడివిరా, బొగ్గు మొహం వెధవా!"

మొదటి దెబ్బ భుజం మీద పడింది. బాబాయ్ ఒరిగాడు గానీ పడలేదు. రెండోది తల మీద. తడి గుడ్డల మూట నేల మీద పడితే వచ్చే చప్పుడు వచ్చింది. ముసలాయన మోకాళ్ళ మీద కూలి, రెండు చేతులతో మేనేజరు కాలు చుట్టేసుకున్నాడు. కడ్డీ వీపు మీద పడింది. మళ్ళీ పడింది. చేతులు మాత్రం వదల్లేదు.

ఐదోసారి కడ్డీ పైకి లేచినప్పుడు అంకెలమ్మ చేతిలో తొట్టి కలిపే తెడ్డు ఉంది. ఎప్పుడు తీసుకుందో ఆమెకే తెలీదు. నీళ్ళు తాగి బరువెక్కిన చెక్క తెడ్డు అది. రెండు చేతులా పట్టి, ఆయన కుడి మణికట్టు మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. కడ్డీ గణగణమంటూ దొర్లిపోయింది. మేనేజరు పొలికేక పెట్టి తొట్టి అంచు మీదకి బోర్లా పడ్డాడు.

ఆమె వెళ్ళి ఆయన చొక్కా కాలరు పట్టుకుంది. మొహం తొట్టిలోకి వేలాడుతోంది. ఒక్క తోపు చాలు.

"ముంచెయ్యి!" అన్నారు వెనక నుంచి ఎవరో. ఇంకెవరో అందుకున్నారు. "ముంచెయ్యమ్మా, మేం చూడలేదంటాం."

ఇన్నేళ్ళూ చూస్తూ నిలబడ్డవాళ్ళు ఇప్పుడు చూడలేదంటారట. ఆమె వెనక్కి తిరగలేదు. చెయ్యి బిగిసే ఉంది. దేవుణ్ణి అడుగుదామనుకుంది గానీ, ఆ వేడిలో దేవుడి మొహం గుర్తు రాలేదు. నాన్న గోడ వైపు తిరిగి పడుకున్న వీపు గుర్తొచ్చింది. ఈ మనిషి యంత్రాన్ని నమ్మి చెయ్యి కాల్చాడు. తను అదే యంత్రాన్ని నమ్మి అంతకంటే లోపల ఎక్కడో కాల్చింది. ఇతన్ని ముంచితే తనని ఎవరు ముంచాలి?

కాలరు పట్టుకునే వెనక్కి లాగి నేల మీద పడేసింది. జాలిపడి కాదు. ఆయన చచ్చిపోతే ఎర్ర రాత అలాగే ఉండిపోతుంది.

"ఆవిరి ఆపండి," అంది. గుడ్డలు మడిచే ఆడమనిషి ఒకామె పరిగెత్తి వాల్వు తిప్పింది. "పైన రిజిస్టర్ ఉంది, ఎవరైనా తెండి." ఇద్దరు కదిలారు. "డాక్టర్ని పిలవండి." ఇంకో ఇద్దరు కదిలారు. కదలడం వచ్చినవాళ్ళే అందరూ!

రిజిస్టర్ తెచ్చి మేనేజరు ముందు పరిచారు. అట్ట మీద ఆమె రక్తం ఇంకా ఆరలేదు.

"కొట్టెయ్యండి సార్."

"నా చెయ్యి... చెయ్యి విరిగిందే..."

"ఎడమది ఉందిగా. నాన్న ఎడమ చేత్తోనే వేశాడు."

చుట్టూ ఉన్నవాళ్ళు ఒక అడుగు దగ్గరికి వచ్చారు. ఆయన వాళ్ళని చూశాడు, దొర్లిపోయిన కడ్డీ ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో చూశాడు. ఎడమ చేత్తో కలం పట్టుకుని, వంకర టింకరగా, ఎర్ర అక్షరాల మీద గీత గీశాడు. 'మాస్టరు సరిగ్గానే చూశాడు' అని ఆమె చెప్పిన మూడు ముక్కలూ చిన్నపిల్లాడి రాతలా రాశాడు. సంతకం కుదరలేదు. తెడ్డుకి అంటిన రంగులో బొటనవేలు అద్ది, మాస్టరు వేలిముద్ర పక్కనే ముద్ర వేశాడు. రెండు ఎడమ బొటనవేళ్ళు, పక్కపక్కన. ఆ రెంటి మధ్య తేడా ఎంతో చెప్పే సాఫ్ట్‌వేరు ఎక్కడా లేదు.

'నీ కళ్ళు తప్పు చూడలేదు నాన్నా. నేనే...' అనుకుంది. మిగతా మాట పూర్తి కాలేదు. బాబాయ్ మూలిగాడు.

ఆయన గోడకి చేరగిలబడి ఉన్నాడు. తల మీంచి రక్తం కనుబొమ్మ దాటి మెడలోకి దిగుతోంది. ఆమె పరుగున వెళ్ళి ల్యాబ్‌లోంచి సంచి తెచ్చుకుంది. టిఫిన్ డబ్బా అడుగున, మడత విప్పని గళ్ళ తువ్వాలు.

"వద్దు తల్లీ," అన్నాడు ఆయన, తువ్వాలు చూడగానే. చెయ్యి అడ్డం పెట్టాడు. "అది నాకు కట్టకు."

"నోరు మూసుకో బాబాయ్. రక్తం చూడు ఎలా పోతోందో!"

"నీకు దణ్ణం పెడతాను, ఇంకో గుడ్డ ఏదైనా కట్టు. అది వద్దు. ముందు నేను చెప్పేది విను."

"ఇన్నాళ్ళూ మొహమాటపడ్డావు, సరిపోయింది." ఆమె వినలేదు. తువ్వాలు మడిచి గాయం మీద అదిమి, తల చుట్టూ రెండు చుట్లు తిప్పింది.

"మొహమాటం కాదమ్మా." ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారి రక్తంలో కలిశాయి. "ఆ బిళ్ళ చుట్టిన పేలిక చూశావా? ఉతికి చూడు. గళ్ళు కనిపిస్తాయి. అది నా తువ్వాలు కొంగే."

తువ్వాలు రెండు కొసలూ పట్టుకున్న ఆమె చేతులు ఆగిపోయాయి.

"అప్పట్లో ల్యాబ్ తుడిచేది కూడా నేనే. తడి చేతులతో బిళ్ళ తీశాను, జారిపోయింది. ఉద్యోగం పోతుందని భయమేసింది. కొత్తగా కడుతున్న బాత్రూం దగ్గర టైలు ముక్క దొరికింది. సానరాయి మీద అంచులు అరగదీశాను. తెల్లగా ఉంటే చాలనుకున్నాను తల్లీ... తెలుపులో కూడా ఇన్ని రకాలుంటాయని నాకేం తెలుసు?"

ఎవరో డాక్టరొస్తున్నాడని అరిచారు. ఆవిరి తగ్గిన తొట్టిలో ఎరుపు నిశ్చలంగా ఉంది. ఆమె ఆ గళ్ళ వైపు చూసింది. నీలం మీద తెలుపు, తెలుపు మీద ఇప్పుడు వ్యాపిస్తున్న ఎరుపు. రెండు కొసలూ దగ్గరికి లాగింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు, మెడకి బిగిస్తుందనుకున్నాడేమో. ఆమె నుదుటి పక్కన ముడి వేసింది. గట్టిగా, జారకుండా, రక్తం ఆగేలా.

"నాన్న ఇచ్చెయ్యమన్న తువ్వాలు ఇచ్చేశాను బాబాయ్. ఆ బాకీ తీరింది," అంది. ఆయన ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "ఇప్పుడు చెప్పు. నాన్న చెయ్యి ఆ తొట్టిలో ఉన్నంతసేపూ నువ్వు ఎక్కడ నిలబడ్డావు?"